పసుపు రంగు వేసిన ఇల్లు

బెంగళూరు నగర్తపేటలో ఒక సందు ఉంది. ఎప్పుడైనా అటువైపు పని పడితే నేను ఆ సందులోంచి కాకుండా చుట్టూ తిరిగి పోతాను. ఆటో అతను “ఇట్లా పోతే రెండు నిమిషాలు మేడం” అన్నా వద్దంటాను. ఆ సందులో నా వల్ల ఒక మగ్గం ఆగిపోయింది. ఆగిపోయింది అంటే దానంతట అదే ఆగినట్టు ఉంది. నేను ఆపాను. ఈ మాట రాయడానికే నాకు ఇన్నాళ్ళు పట్టింది, ఇప్పుడు కూడా సగం మింగి సగం చెబుతానేమోనని నా మీద నాకే అనుమానం.

మాది ఒంగోలు. అమ్మ నర్సు. నేను టౌన్ ప్లానింగ్ చదివి, బెంగళూరు వచ్చి, ఊళ్ళకు మ్యాపులు గీసిపెట్టే ఒక ప్రైవేటు కన్సల్టెన్సీలో చేరాను. సర్జాపుర రోడ్డులో అద్దె ఫ్లాటు, పొద్దున్నే ట్రాఫిక్, అందరి బతుకూ ఎలా ఉందో నాదీ అలాగే ఉండేది. నగరానికి కొత్త మాస్టర్ ప్లాన్ వేస్తున్న రోజుల్లో పాత పేటల సర్వే మా కంపెనీకి వచ్చింది. పని వినడానికి తేలిక. ఒక్కో కట్టడం ముందు నిలబడాలి, లోపల ఏం జరుగుతోందో కనుక్కోవాలి, ట్యాబులో దానికొక రంగు వేయాలి. కాపురం ఉంటే పసుపు. కొట్టు అయితే నీలం. యంత్రాలుంటే వంకాయ రంగు. గుమ్మం ముందు ఒక ఫోటో తీయాలి. రేపు ఏ వీధిలో ఏం ఉండవచ్చో, ఏం ఉండకూడదో సర్కారు ఆ రంగుల్ని చూసే తేలుస్తుంది.

తీరా దిగితే, పేటలో కట్టడాలు ఒక రంగుకు లొంగేవి కావు. కింద కొట్టు, వెనక కార్ఖానా, మీద సంసారం. అలాంటివాటి కోసం ‘మిశ్రమం’ అని ఇంకో గడి ఉండేది. అది నొక్కితే మరో మూడు పేజీలు తెరుచుకునేవి. ఎన్ని యంత్రాలు, ఎంత మోటారు, లైసెన్సు ఉందా, ఉంటే దాని ఫోటో. రోజుకు నలభై కట్టడాలు అవ్వాలి. సాయంత్రం కాగానే మా సారు ఫోను చేసి ఎన్నయ్యాయని అడిగేవాడు. అందుకని మేమెవరమూ ఆ గడి జోలికి పోయేవాళ్ళం కాదు. మేమెవరమూ అంటున్నాను చూడండి, మిగతావాళ్ళ సంగతి ఎందుకు నాకు? నేను పోయేదాన్ని కాదు.

ఆ సందుకు వెళ్ళిన రోజు ఎండ మాడ్చేస్తోంది. అంతకు ముందు వారం పక్క వీధుల్లో తిరుగుతున్నప్పుడు అక్కడి నుంచి మర మగ్గాల చప్పుడు చెవులు చిల్లులు పడేలా వినిపించేది. ఆ రోజు మాత్రం చప్పుడే లేదు. ఇదేదో మంచిదే, గబగబా తెమిలిపోతుంది అనుకున్నాను. మూడో ఇంటి తలుపు తీసి ఉంది. డెబ్బైకి దగ్గర పడిన పెద్దాయన ఒకరు పంచె, బనీనుతో గడప మీద కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. నా అరకొర కన్నడంలో సర్వే అని మొదలుపెట్టానో లేదో ఆయన నవ్వేశాడు.

“తెలుగామెవా? తెలుగులోనే మాట్లాడమ్మా. మేమూ తెలుగోళ్ళమే. మా తాత కాలం నుంచి ఈడే ఉండాము.”

నాకు ప్రాణం లేచొచ్చింది. పేటలో తిరిగిన పది రోజుల్లో కూర్చోమన్న మనిషి లేడు. ట్యాబు చూడగానే మొహం మీదే తలుపు వేసేవాళ్ళు. ఈయన నన్ను లోపలికి రమ్మని, మేడ వైపు తిరిగి కేకేశాడు.

“ఏమే, మన తెలుగు పిల్ల వచ్చిండాది. కాఫీ తీసుకురా!”

ముందు గది నిండా మగ్గమే. ఒక పక్కగా నడవడానికి మాత్రం కాస్త చోటు. మగ్గం మీద నేల దాకా దుప్పటి కప్పి ఉంది, దాని ముందు చాప, చాప మీద తలగడ. చీర అంచుకు పూలూ నెమళ్ళూ దించే అట్టల పెట్టె ఒకటి ఉంటుంది, జకార్డు అంటారు. అది మగ్గం నెత్తిన కూర్చోవాలి. కింది గది ఎత్తు చాలక, కప్పుకు నలుచదరంగా కన్నం కొట్టి దాన్ని మేడ గదిలోకి లేపుకున్నారు. కింద నిలబడి తలెత్తి చూస్తే ఆ చట్రం మీద ఆరేసిన తువ్వాళ్ళు, లంగాలు కనిపించాయి.

“పడుకోబెట్టినట్టు ఆ దుప్పటి ఏంటి పెద్దయ్యా?” అన్నాను చాప మీద కూర్చుంటూ.

“ఈ పొద్దు అమావాస్య గదమ్మా. అమావాస్యకు మేము మగ్గం నడపము. సందంతా సెలవే.” అని, కాస్త గొంతు తగ్గించి నవ్వాడు. “దుప్పటి దానికి కాదులే. ఎవురన్నా కాగితాలు పట్టుకోని సందులోకి వస్తే మొదటింటోళ్ళు కేకేస్తారు. బేగ బేగ మర ఆపేసి, ఇది కప్పేసి, చాప పరిచేస్తాము. వచ్చినోళ్ళు చూసి, ఇల్లే గదా అని పోతారు. మా మనవరాలు చిన్నప్పుడు ఉయ్యాల కూడా దీనికే కట్టింటిమి.”

అమావాస్య సంగతి నాకు తెలియదు. మా ఇంట్లో గోడకు ఉండేది చర్చి క్యాలెండరు, అందులో ఆదివారాలే ఎర్రగా ఉంటాయి. కానీ ఆయన చెప్పాక తెలిసింది కదా. అది గుర్తు పెట్టుకోండి, నాకు తెలుసు.

“మరి దీన్ని ఏమని రాయమంటారు? ఇల్లనా, కార్ఖానా అనా?”

“రెండూనమ్మా. కింద మగ్గం, మీద మేము. ఉండేది ఉండేట్ల రాయి. నీ దగ్గర దాచేదేముండాది?”

ఎన్నో ఏళ్ళుగా కాగితాలు పట్టుకొచ్చిన ప్రతి ఒక్కరి ముందూ దుప్పటి కప్పిన మనిషి, తెలుగులో రెండు మాటలు మాట్లాడినందుకు నా ముందు దాన్ని ఎత్తి చూపించాడు. కింద మెరుస్తున్న ఆకుపచ్చ పట్టు పడుగు. నా వేలు ‘మిశ్రమం’ గడి మీదకు వెళ్ళింది కూడా. అప్పుడు టైము చూశాను. మూడు కావస్తోంది. ఇంకా పదిహేను కట్టడాలు మిగిలి ఉన్నాయి.

“ఇల్లు అని రాస్తాను పెద్దయ్యా, మీకే మంచిది. కార్ఖానా అంటే రేపు కరెంటువాళ్ళు, కార్పొరేషన్‌వాళ్ళు అందరూ మీ నెత్తిన కూర్చుంటారు” అన్నాను.

రేపు ఏమవుతుందో నాకు నిజంగా తెలియదు. తెలియదని చెప్పి ఉండవచ్చు. నా పని తొందరగా తెమలాలి, ఆ తొందరను ఆయనకు చేసే మేలులాగా పొట్లం కట్టి ఇచ్చాను. ఆయన కాఫీ తెచ్చిన భార్య మొహం చూశాడు. ఆమెకు నా మీద ఆయనకంటే నమ్మకం.

“చదువుకున్న పిల్ల, ఆయమ్మకు తెలీదా? చెప్పినట్ల వినరాదా!” అంది.

“సరేమ్మా. నువ్వు మన పిల్లవి. నువ్వెట్ల చెబితే అట్లనే.”

పసుపు రంగు వేశాను. ఇల్లని ఫోటోలో తెలియాలి కదా అని పెద్దమ్మను గుమ్మంలో నిలబడమన్నాను. ఆమె కొంగు సర్దుకుని, ముగ్గు తొక్కకుండా పక్కకు జరిగి, “నవ్వాల్నా?” అని అడిగింది. నవ్వమన్నాను. ఆ కాఫీ చాలా బాగుంది. ఫ్లాటుకు వెళ్ళాక అమ్మకు ఫోను చేసి ఇవాళ మనవాళ్ళు కనిపించారని గొప్పగా చెప్పుకున్నాను.

ఏడాదిన్నర గడిచింది. ముసాయిదా ప్లాన్ తయారవుతోంది. నిబంధనల అధ్యాయం శుభ్రంగా టైపు చేసే పని నా మీద పడింది. పసుపు రంగు వీధుల్లో మోటారుతో నడిచే పని ఏదీ ఉండకూడదు. ఇప్పటికే ఉన్నవి కొనసాగవచ్చు, అవి సర్వేలో నమోదై ఉంటేనే. నమోదు కానివి గడువులోగా ఊరి అవతల అత్తిబెలె వైపు పారిశ్రామిక వాడకు మారిపోవాలి. ఇది నా చేతులతో నేనే టైపు చేశాను. ‘నమోదై ఉంటేనే’ దగ్గర నా వేళ్ళు ఆగిపోయాయి. ఇల్లు అని రాస్తే మీకే మంచిదని నేను చెప్పిన గొంతు నా చెవిలో నాకే వినపడింది.

అప్పుడే లేచి సారు గదిలోకి వెళ్ళి ఉండాల్సింది. పది అడుగులు ఉంటుంది, అంతే. ఆ నెలలోనే నన్ను టీం లీడును చేస్తారని మాట నడుస్తోంది. సర్వేలో తప్పు రాశానని ఆ నెలలోనా చెప్పడం? ఎలాగూ ప్రజల అభ్యంతరాలు తీసుకుంటారు కదా, అప్పుడు సరిచేయవచ్చులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ సందులో ఇంకెన్ని ఇళ్ళకు అలాగే పసుపు వేశానో తీసి చూసుకునే ధైర్యం మాత్రం చేయలేదు. ఇవాళ్టికీ చూసుకోలేదు.

అభ్యంతరం వచ్చింది. ఎవరిచేతనో కన్నడంలో రాయించుకున్న అర్జీ. మా ఇంట్లో మగ్గం మా తాతగారి కాలం నుంచి ఉంది, సర్వేకు వచ్చినవారు ఇల్లు అని రాసుకున్నారు, పొరపాటు మాదే అయితే మన్నించి మగ్గాన్ని కూడా రాసుకోండి అని ఉంది. ఎవరు వచ్చారో లేదు. తెలుగు అమ్మాయి అని కూడా లేదు. సారు ఆ ఫైలు నా బల్ల మీద పెట్టి, “నీ సర్వేనే కదా, రిమార్కు రాసి పంపు” అన్నాడు.

ఆ ఇంటి ఫోటో తెరిచాను. పెద్దమ్మ గుమ్మంలో నవ్వుతూ నిలబడి ఉంది. ఆమె భుజం వెనక గది చీకటిగా ఉంది. ఎందుకో దాన్ని పెద్దది చేశాను. పెద్దాయన నాకు చూపించి మళ్ళీ కప్పిన దుప్పటి సరిగా పడలేదు. ఒక పక్క మగ్గం ఇనప కాలు, దాని పక్కనే ఆకుపచ్చ పట్టు పోగులు, ఎవరు చూసినా చెప్పేంత స్పష్టంగా ఉన్నాయి. ఆయన ఇల్లు నిలబెట్టడానికి అది చాలు. ఈ ఫోటోలోనే మగ్గం ఉంది, నమోదు తప్పు, సరిచేయండి అని రెండు ముక్కలు రాస్తే అయిపోయేది. మరి నువ్వెందుకు ఇల్లు అని రాశావమ్మా అని ఎవరైనా అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడ్డాను.

ఫోటోను మళ్ళీ చిన్నది చేశాను. ఫారంలో దానికి ఇచ్చిన చోటు అగ్గిపెట్టంత. ఆ కొలతలో పెద్దమ్మ నవ్వు తప్ప ఇంకేమీ కనిపించదు. కింద ఇలా రాశాను: ‘సర్వే సమయంలో యంత్రాలేవీ నడవడం లేదు. ఫోటో జతచేయడమైనది.’ అందులో ఒక్క అబద్ధం లేదు. ఆ రోజు అమావాస్య అని రాయలేదు, అంతే. ఛీ, ఎంత తెలివి! ఆ తెలివి తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

విచారణ ఒక సర్కారీ హాల్లో, పగటిపూట, ఒకరి తర్వాత ఒకరు టోకెను పట్టుకుని. అధికారి పక్కన లాప్‌టాప్‌తో కన్సల్టెన్సీ తరఫున నేను. పెద్దాయన, పెద్దమ్మ వచ్చారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. సంచీలోంచి చీర ఒకటి తీసి బల్ల మీద పరిచాడు, మగ్గం లేకుంటే ఇది ఎక్కడి నుంచి వచ్చింది సామీ అన్నట్టు. ఆకుపచ్చ చీర. నేను తెర వైపే చూస్తూ కూర్చున్నాను, అందులో ఏదో మునిగిపోతున్నట్టు.

అధికారి చెడ్డవాడు కాదు. నా రిమార్కు చదివి, కన్నడంలో నెమ్మదిగానే అడిగాడు. “సర్వేకు వచ్చినప్పుడు ఇల్లు అని మీరే చెప్పారా? లేక రాసుకున్నవాళ్ళు అలా చెప్పమన్నారా?”

తలెత్తాను. పెద్దాయన నా వైపు చూశాడు. కోపంగా కాదు. సందులో గడప మీద కూర్చుని చూసినట్టే చూశాడు. పెద్దమ్మ ఏదో అనబోతే ఆమె మోచేయి పట్టుకున్నాడు.

“ఎవరూ చెప్పలేదు సామీ. నేనే అన్నాను” అన్నాడు కన్నడంలో.

అప్పుడైనా నోరు విప్పవచ్చు. కాదండీ, నేనే చెప్పాను అని నాలుగు మాటలు. నా నోట మాట రాలేదు. రాలేదు కాదు, నేను రానివ్వలేదు. అధికారి అర్జీ మీద ఏదో రాసి పక్కన పెట్టాడు. పెద్దాయన చీర మడత పెట్టడానికి చాలాసేపు పట్టింది, అంచు అంచుకు కలవాలి కదా. తర్వాతి టోకెను పిలిచారు.

మధ్యాహ్నం వరండాలో వాళ్ళిద్దరూ నాకోసం నిలబడి ఉన్నారు. నా పక్కన సారు ఉన్నాడు. నేను ఆగి, ఎవరో తెలియనట్టు “ఏను బేకు?” అన్నాను, ఏం కావాలని, కన్నడంలో. పెద్దాయన ఒక్క క్షణం తడబడి, సారు ముందుకు పోయేదాకా ఆగి, అప్పుడు తెలుగులో అడిగాడు.

“బాగుండావామ్మా? నీ ఉద్యోగానికేమీ గలాటా కాలేదు గదా? పాపం తెలీక చెప్పినావు. ఎవురికైనా జరుగుతాది.”

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. “ఆ పొద్దు నువ్వు తీసిన ఫోటో ఒకటి ఇస్తావామ్మా? ఆ కాగితంలో చిన్నగా చూసినాను. ఇంటి ముందర నేను నిలబడిన ఫోటో ఇంకోటి లేదు.”

ఇస్తానన్నాను. ఆ పూట అన్నం సయించలేదు. సయించకపోతే మాత్రం ఏం, ఎవరికి లాభం?

అర్జీ కొట్టేశారు, గడువు ముగిసింది. నేను టీం లీడునయ్యాను. ఫోటో ఇస్తానన్న మాట పంటి కింద రాయిలా ఉండిపోయింది. చివరికి ఒక శనివారం స్టూడియోకు వెళ్ళి పెద్ద సైజు ప్రింటు వేయమన్నాను. కంప్యూటరు ముందు కూర్చున్నతను, “వెనక ఏదో సామాను కనిపిస్తోంది మేడం, నలుపు చేసేయనా?” అన్నాడు. చేసేయమనడానికి నోరు తెరిచాను కూడా. వద్దు, ఉండనీ అన్నాను. నోటితో చెప్పలేనిది ఆ ఫోటోనే చెబుతుందిలే అనుకున్నాను. అదీ పిరికితనమే, నాకు తెలుసు.

మర్నాడు ఆదివారం ఆ సందుకు వెళ్ళాను. ముందు గది ఖాళీ. నేల మీద మగ్గం కాళ్ళు ఉన్నచోట నాలుగు నూనె మరకలు. తలెత్తితే కప్పుకు కన్నం అలాగే ఉంది, అందులోంచి పెద్దమ్మ తొంగి చూసి, “ఎవురూ?” అంది. నన్ను గుర్తుపట్టి, అక్కడి నుంచే, “మన పిల్ల వచ్చిండాది!” అని ఆయన్ని లేపింది.

పెద్దాయన చిక్కిపోయాడు. అత్తిబెలెలో ఎవరిదో షెడ్డులో ఒక మూల మగ్గం పెట్టుకున్నాడు. పొద్దున్నే పోయి, రెండు బస్సులు మారి, చీకటి పడ్డాక వస్తాడు. జకార్డుకు ఎత్తు చాలక దాన్ని ఎక్కించనే లేదు, పూలూ నెమళ్ళూ పోయి ఇప్పుడు ఉత్త సాదా గుడ్డ నేస్తున్నాడు. “మోకాళ్ళు సహకరించవమ్మా. ఆడ అమావాస్య కూడా లేదు, ఆదివారమే సెలవు” అని నవ్వాడు.

ఫోటో కవరు ఇచ్చాను. పెద్దమ్మ ముందు చూసి మురిసిపోయింది. “ఎంత బాగా పడినాను!” అంది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని వెలుతురుకు పట్టుకున్నాడు. మొహం వెలిగిపోయింది.

“ఏయ్, మగ్గం కూడా పడిండాది చూడే! ఇదో, కాలు. ఇదో పోగులు. ఆకుపచ్చ పడుగు, ఆ పొద్దు ఎక్కించిండేది అదే.” వేలితో మగ్గం కాలును పై నుంచి కింది దాకా రాసుకుంటూ పోయాడు. వేలు ఆగింది. తర్వాత నన్ను చూశాడు.

“ఈ ఫోటో ఆ ఆఫీసులో ఉండెనా?”

“ఉంది పెద్దయ్యా.”

“ఇట్లనే? మగ్గంతో?”

“పెద్దది చేస్తే కనిపిస్తుంది.”

“నువ్వు చేసి చూసినావా?”

తలూపాను. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు. తల ఊపితే చాలదు.

“చూశాను. మీ అర్జీకి జవాబు రాయకముందే చూశాను.”

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది, నేనూ ఏడ్చి కాళ్ళు పట్టుకునేదాన్ని. ఆయన ఫోటోను కవరులో పెట్టి పెద్దమ్మ చేతికిచ్చాడు. ఆమె ఏమీ అర్థం కాక మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఆయన లేచి, మూలనున్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, పైపంచెతో దుమ్ము దులిపి, నా ముందు వేశాడు. అంతకు ముందు ఆ ఇంట్లో నేను చాప మీదే కూర్చున్నాను.

“కూర్చోండి మేడం” అన్నాడు. “కాఫీ తాగి పోండి.”

కూర్చున్నాను. కాఫీ వచ్చింది, తాగాను. వద్దనడానికి కూడా నాకు మొహం చెల్లలేదు.